కొత్త బుష్‌లు వేసినా ఆగని శబ్దం: స్టెబిలైజర్ బార్‌నే మార్చాలా?

నా 2001 నాటి స్పోర్ట్స్ కారుకు ముందువైపు స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో కారు ఒరిగిపోకుండా రెండు పక్కల చక్రాలనూ కలిపే ఉక్కు కడ్డీ) పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు అరిగిపోవడంతో ఇంట్లోనే కొత్తవి వేశాను. చక్రాలు వేలాడకుండా కారును ర్యాంపులపై నిలిపి, బుష్‌ల లోపల సిలికాన్ గ్రీజు రాసి, బ్రాకెట్ బోల్టులను టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను. అయినా మూడు వారాలకే, నెమ్మదిగా వెళ్తూ ఒక పక్క చక్రం గుంతలో దిగినప్పుడల్లా ఎడమవైపు నుంచి టక్కుమనే శబ్దం మళ్లీ మొదలైంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మాత్రం రావడం లేదు. బార్ చివరలను సస్పెన్షన్‌కు కలిపే లింకులనూ, బాల్ జాయింట్లనూ (కీళ్లలాంటి అతుకులు) కదిపి చూశాను, వాటిలో ప్లే (వదులు) లేదు. బుష్ విప్పితే, దాని కింద కడ్డీ రంగు పోయి అద్దంలా మెరుస్తోంది. వెర్నియర్‌తో కొలిస్తే అక్కడ కడ్డీ మందం 21.3 మిల్లీమీటర్లు, పక్కనే 22. నా అనుమానమంతా ఈ అరుగుదల మీదే. ఇలాంటి కడ్డీకి 21 మిల్లీమీటర్ల బుష్ వేస్తే నిలుస్తుందా, లేక బార్‌నే మార్చక తప్పదా?