అమ్మకి ఇమ్యునోథెరపీ అంటున్నారు, పీడీ-ఎల్1 టెస్టు ఎందుకు?

మాది పలాస దగ్గర. అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, రేడియేషన్ అయిన తొమ్మిది నెలలకి మళ్ళీ వచ్చింది, ఇప్పుడు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు అంటున్నారు, ముందు ఆ టెస్టు చేయించమన్నారు. జీడిపిక్కలు కొట్టి నల్లబడ్డ వేళ్లు చూసుకుంటూ అమ్మ 'ఎంతవుద్దిరా' అని అదొక్కటే అడుగుతోంది.

జవాబు 1: టెన్షన్ పడకండి. పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ మన రక్షణ కణాలకి బ్రేకు వేస్తుంది, ఈ మందు ఆ బ్రేకు తీస్తుంది. మీ అమ్మగారి లాంటి కేసులో, గడ్డలో ఆ ప్రోటీన్ ఎంతుందో చెప్పే సీపీఎస్ స్కోరు 1 లేదా ఆపైన ఉంటే కీమోతో కలిపి ఇవ్వడానికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. పాత బయాప్సీ బ్లాకు (అప్పుడు తీసి మైనంలో దాచిన గడ్డ ముక్క) ఉంటే చాలాసార్లు అదే సరిపోతుంది.

జవాబు 2: మాది విజయనగరం. మా అత్తయ్యది గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, ఆవిడకి చూసింది ఎంఎంఆర్ టెస్టు, అంటే కణాల్లో డీఎన్ఏ తప్పులు సరిదిద్దే ప్రోటీన్లు ఉన్నాయా లేదా అని. ఈ పెంబ్రోలిజుమాబే మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు, సెలైన్‌లాగే అరగంట ఎక్కించారు. జుట్టు పోలేదు గానీ థైరాయిడ్ దెబ్బతింది, రోజూ మాత్ర. విరేచనాలో ఆయాసమో మొదలైతే ఓఆర్ఎస్‌తో సరిపెట్టకండి, అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి బాబూ.

అడిగినవారు: బ్లాకు కోసం పాత ల్యాబ్‌కి వెళ్తే రసీదు లేదని తిప్పి పంపారండీ.

జవాబు 1: రిపోర్టు మీద బయాప్సీ నంబరు ఉంటుంది, అది చూపించి అడగండి.