అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, కంప్యూటర్ లేవడం లేదు. శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి

ప్రశ్న (తణుకు నుంచి):

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే డీటీపీ చేస్తాను, ఎక్కువగా పెళ్ళి శుభలేఖలు. నిన్న రాత్రి షట్‌డౌన్ నొక్కితే విండోస్ అప్‌డేట్ మొదలైంది. 61 శాతం దగ్గర కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ లైట్లకూ ఫ్యాన్లకే. యూపీఎస్ బ్యాటరీ పోయి ఏడాదైంది, కొందాం కొందాం అనుకుంటూనే ఉన్నాను.

కరెంటు వచ్చాక ఆన్ చేస్తే చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆటోమేటిక్ రిపేర్ అని వస్తుంది, చివరికి నీలం తెర మీద పీసీ సరిగా స్టార్ట్ కాలేదని చూపించి ఆగిపోతుంది. రీస్టార్ట్ నొక్కితే మళ్ళీ అదే. పొద్దుటి నుంచి ఎనిమిదిసార్లు చూశాను.

ఏడు శుభలేఖలు డెస్క్‌టాప్ మీద ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. అన్నీ పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు, ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టినవి. గోత్రాలు, తాతల పేర్లు, విందు వేళలు వాళ్ళు కాగితం మీద రాసిచ్చారు, ప్రూఫ్ అయ్యాక కాగితాలు తిరిగి ఇచ్చేశాను. ఇంటిపేరులో ‘ళ’ బదులు ‘ల’ పడితే కార్డులన్నీ మళ్ళీ అచ్చు వేయాలి, కాబట్టి గుర్తున్నంత వరకు మళ్ళీ కొడదామన్నా ధైర్యం చాలదు. గురువారం ప్రెస్సుకి ఇవ్వాలి. పక్కింటి అబ్బాయి ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. వేరే దారి లేదా?

జవాబు (గుంటూరు, రిపేరు షాపు):

ఫార్మాట్ వద్దమ్మా. ‘రీసెట్’ కూడా నొక్కొద్దు. అందులో ‘నా ఫైళ్ళు ఉంచు’ అని ఉంటుంది, అది చూసి చాలామంది ధైర్యంగా నొక్కేస్తారు. ఫైళ్ళు ఉంటాయి కానీ మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్ అంతా పోతుంది. పేజ్‌మేకర్, అను మళ్ళీ వేసుకోవాలి.

ముందు ఫైళ్ళు బయటికి తీద్దాం, మరమ్మతు సంగతి తర్వాత. పెన్‌డ్రైవ్ పెట్టండి. నీలం తెర మీద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. నల్ల తెర వచ్చాక నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ చేస్తే మామూలు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్. కింద ‘టెక్స్ట్ డాక్యుమెంట్స్’ అని ఉన్నచోట ‘ఆల్ ఫైల్స్’ పెట్టండి, లేకపోతే మీ ఫైళ్ళు కనబడవు. అక్కణ్ణుంచి యూజర్స్, మీ పేరు, డెస్క్‌టాప్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి పేస్ట్. ఇక్కడ మీ సీ డ్రైవ్ డీ అనో ఈ అనో కనబడొచ్చు, కంగారు పడకండి. కాపీ అవుతుంటే ఎంతయిందో చూపించకపోవచ్చు. బిగుసుకుపోయిందనుకుని పవర్ తీసేయకండి.

అది అయ్యాక అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ఉంటుంది, అందులో క్వాలిటీ అప్‌డేట్ తీసేయమని చెప్పి చూడండి.

జవాబు (వరంగల్):

అక్కా, మధ్యలో బిట్‌లాకర్ అని, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, 48 అంకెల కీ అడిగితే భయపడకు. మా లాప్‌టాప్ అడిగింది. విండోస్‌లో ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యావో అదే మెయిల్‌తో ఫోన్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే, డివైజెస్‌లో ఆ కీ దొరకొచ్చు. నేనైతే కాగితం మీద రాసి బీరువాలో పెట్టిన.

ప్రశ్న అడిగినావిడ:

అన్నగారూ, ఫైళ్ళు వచ్చేశాయి! ఏడూ ఉన్నాయి. చెల్లెలి లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. కీ అడగలేదు. అప్‌డేట్ మాత్రం తీసేయడం కుదరలేదని వచ్చింది.

జవాబు (గుంటూరు):

సగంలో ఆగిన అప్‌డేట్ ఒక్కోసారి అలాగే మొరాయిస్తుంది. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ (విండోస్‌ని బాగుచేసే టూల్) కమాండ్ ఇవ్వాలి, ‘రివర్ట్ పెండింగ్ యాక్షన్స్’ అనేది. సగం జరిగిన మార్పులన్నిటినీ వెనక్కి తిప్పుతుంది. ఎలా కొట్టాలో ఫొటో పెట్టాను, ఖాళీలు కూడా అలాగే ఉండాలి. డ్రైవ్ అక్షరం మాత్రం నోట్‌ప్యాడ్‌లో మీకు కనబడిందే వేయండి.

ప్రశ్న అడిగినావిడ:

నాకు డీ అని కనబడింది, అదే వేశాను. కమాండ్ పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే, మార్పులు వెనక్కి తీస్తున్నామని చాలాసేపు తిరిగింది. నేను ముట్టుకోకుండా వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. వచ్చి చూస్తే డెస్క్‌టాప్ మీద నా వినాయకుడి బొమ్మ! పేజ్‌మేకర్ తెరుచుకుంది, అను పనిచేస్తోంది. మీ ఇద్దరికీ ఎంత రుణపడ్డానో. ఒక్క సందేహం, ఆ అప్‌డేట్ మళ్ళీ వస్తుందా?

జవాబు (గుంటూరు):

వస్తుందమ్మా, రావాలి కూడా. సెట్టింగ్స్‌లో ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు. ఈలోగా యూపీఎస్‌లో బ్యాటరీ మార్పించండి. ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్‌లకు ఎక్కువగా 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీయే పడుతుంది, అయినా పాతదాని మీద అంకెలు చూసుకునే కొనండి. శుభలేఖలు ప్రెస్సుకి వెళ్ళాక, పగలు, మీరు దగ్గరుండగా అప్‌డేట్ పెట్టుకోండి.