మ్యాప్, ఫీడ్, విడ్జెట్ ఒకే పేజీలో: ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి

ప్రశ్న

బయటి సర్వీసులు మూడింటిని కలిపి ఒక పేజీ కడుతున్నాను. ఎడమవైపు కార్యక్రమాల జాబితా (వేరే సైట్ ఇచ్చే ఫీడ్, జియోజేసన్ అనే స్థలాల డేటా ఫార్మాట్‌లో), మధ్యలో లీఫ్‌లెట్ (జావాస్క్రిప్ట్ మ్యాప్ లైబ్రరీ) మ్యాప్, కుడివైపు ఐఫ్రేమ్‌లో (పేజీలో ఇమిడ్చిన వేరే పేజీ) వాతావరణ విడ్జెట్. జాబితాలో ఒకటి నొక్కితే మ్యాప్ అక్కడికి వెళ్లాలి. మ్యాప్ జరిపితే, కనిపిస్తున్న ప్రాంతంలోని కార్యక్రమాలే జాబితాలో మిగలాలి. విడ్జెట్ కూడా ఆ చోటికి మారాలి.

చిక్కులు ఇవీ: ఫీడ్‌కు కార్స్ (వేరే సైట్ డేటాను చదవడానికి బ్రౌజర్ పాటించే అనుమతి నియమం) ఎర్రర్ వచ్చింది. మోడ్ 'నో-కార్స్' పెడితే ఎర్రర్ పోయింది కానీ డేటా ఖాళీ. నమూనా ఫైల్‌తో ప్రయత్నిస్తే గుర్తులన్నీ సముద్రంలో పడ్డాయి. ఒక్కసారి నొక్కితే చాలు, మ్యాప్, జాబితా ఆగకుండా మారుతూనే ఉంటున్నాయి. విడ్జెట్ మాత్రం కదలదు.

సమాధానం 1

'నో-కార్స్' తీసేయండి. అది అనుమతి తెచ్చిపెట్టదు. జవాబు వచ్చినా మీ స్క్రిప్ట్ దాన్ని చదవదని మీరే ఒప్పుకున్నట్టు. అందుకే స్టేటస్ 0, బాడీ ఖాళీ. అవతలి సర్వర్ తన జవాబులో యాక్సెస్-కంట్రోల్-అలో-ఆరిజిన్ హెడర్ పంపితేనే బ్రౌజర్ డేటాను మీ చేతికిస్తుంది. అదే హెడర్‌ను మీ రిక్వెస్ట్‌కు తగిలించి లాభం లేదు, పైగా దానివల్ల ఒక ప్రీఫ్లైట్ (అసలు రిక్వెస్ట్‌కు ముందు అనుమతి అడుగుతూ బ్రౌజర్ పంపే ఆప్షన్స్ రిక్వెస్ట్) అదనంగా పుడుతుంది.

ముందు బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, గెట్‌కు ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ వెళ్తోందేమో చూడండి. వెళ్తుంటే మీ కోడ్ ఏదో హెడర్ కలుపుతోంది. గెట్‌కు 'కంటెంట్-టైప్: అప్లికేషన్/జేసన్' పెట్టడం చాలామందికి అలవాటు. పంపే బాడీయే లేనప్పుడు అది దేనికి? తీసేస్తే కొన్ని ఫీడ్‌లు అక్కడికక్కడే పనిచేస్తాయి.

అప్పటికీ రాకపోతే మీ సర్వర్‌లో చిన్న ప్రాక్సీ (ఫీడ్‌ను పేజీ తరఫున తెచ్చిచ్చే కోడ్) రాసుకోక తప్పదు. కానీ దానికి యూఆర్‌ఎల్‌ను పారామీటర్‌గా అందించకండి. అలా చేస్తే ఎవరైనా మీ సర్వర్‌ను అడ్డుపెట్టుకుని మీ లోపలి నెట్‌వర్క్‌ను తడమగలరు. బ్రౌజర్ నుంచి 'కార్యక్రమాలు' వంటి పేరు మాత్రమే రానివ్వండి, అసలు చిరునామా, ఏపీఐ కీ సర్వర్‌లోనే ఉండాలి. ఐదు నిమిషాల కాష్ కూడా పెడితే ఫీడ్ ఇచ్చేవారికీ భారం ఉండదు.

గుర్తులు సముద్రంలో పడటానికి కారణం అంకెల వరుస. జియోజేసన్‌లో (ఆర్‌ఎఫ్‌సీ 7946 ప్రమాణం) రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. లీఫ్‌లెట్‌లో మార్కర్ పెట్టేటప్పుడు అక్షాంశమే ముందు. ఫీడ్‌ను మొత్తంగా లీఫ్‌లెట్ జియోజేసన్ లేయర్‌కే ఇచ్చేస్తే అదే తిరగేసుకుంటుంది. మీరు కోఆర్డినేట్లను విడిగా తీసి మార్కర్‌కు ఇచ్చినచోటే తేడా కొడుతుంది. అక్షాంశం 90 దాటడానికి వీల్లేదు కనుక, దాటిన విలువ వస్తే ఎర్రర్ చూపేలా ఒక చెక్ రాయండి. రెండు అంకెలూ 90 లోపే ఉండే ప్రాంతాల్లో ఆ చెక్ ఏమీ పట్టుకోదు, అక్కడ కళ్లతో చూసుకోవాల్సిందే.

ఆగని తరుములాటకు కారణం మూవ్‌ఎండ్, అంటే మ్యాప్ కదలిక ఆగగానే వచ్చే ఈవెంట్. మనిషి జరిపినా, మీ కోడ్ జరిపినా లీఫ్‌లెట్ ఆ ఈవెంట్‌నే పంపుతుంది. మ్యాప్‌ను జరిపేముందు ఒక ఫ్లాగ్ పెట్టి, మూవ్‌ఎండ్ రాగానే తీసేయండి. ఫ్లాగ్ ఉన్నంతసేపు జాబితాను ముట్టుకోకండి.

సమాధానం 2

ఫ్లాగ్ సలహా ఒక్క నొక్కుకే నిలుస్తుంది. రెండు కార్యక్రమాలను గబగబా నొక్కి చూడండి. రెండోసారి మ్యాప్‌ను జరపమనగానే మొదటి కదలిక మధ్యలో ఆగి తన మూవ్‌ఎండ్‌ను పంపుతుంది, మీ ఫ్లాగ్ దానికే ఖర్చయిపోతుంది. రెండో కదలిక ముగిసినప్పుడు వచ్చే మూవ్‌ఎండ్‌ను మనిషి జరిపినట్టు లెక్కేస్తారు. మళ్లీ అదే తంతు.

అసలు లోపం భాగాలు ఒకదాన్నొకటి నేరుగా పిలవడంలో ఉంది. 2007లో వచ్చిన మిక్సప్ అనే పరిశోధన ఫ్రేమ్‌వర్క్ సరిగ్గా ఇలాంటి తెర భాగాల కలయికనే తీసుకుంది. ప్రతి భాగానికీ అది బయటికి చెప్పే ఈవెంట్లు, బయటివాళ్లు దానిచేత చేయించగల ఆపరేషన్లు, దాని ప్రాపర్టీలు రాసిపెట్టి, ఏ ఈవెంట్‌కు ఏ ఆపరేషన్ అన్న జతలను విడిగా ఉంచుతారు. మీకు పెద్ద ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదు, ఆ విభజన చాలు.

మధ్యలో ఒక స్థితి ఆబ్జెక్ట్ పెట్టండి. అందులో రెండే విషయాలు: ఎంచుకున్న కార్యక్రమం ఐడీ, మ్యాప్ హద్దులు. జాబితా నొక్కితే ఐడీ మారుతుంది. మ్యాప్ కదిలితే హద్దులు మారతాయి. ఐడీ మారితేనే మ్యాప్‌ను జరపండి, హద్దులు మారితే జాబితాను వడకట్టండి, కానీ వడకట్టడం ఎన్నడూ ఐడీని మార్చకూడదు. మీ కోడ్‌లో వడకట్టాక మొదటి అంశం దానంతటదే ఎంపికవుతోందేమో చూడండి, నా అనుమానమంతా దానిమీదే. కొత్త విలువ పాతదే అయితే ఎవరికీ చెప్పొద్దు. అయితే 'అదే చోటా?' అని కోఆర్డినేట్లను పోల్చకండి, మ్యాప్ మధ్యబిందువు పిక్సెల్‌కు సర్దుకోవడం వల్ల చివరి దశాంశాలు కుదరవు. ఐడీతో ఐడీనే పోల్చండి.

ఫీడ్‌ను ప్రాంతంవారీగా తెప్పిస్తుంటే ఇంకొకటి: ముందు అడిగినదాని జవాబు ఆలస్యంగా వచ్చి కొత్తదాన్ని చెరిపేస్తుంది. కొత్త రిక్వెస్ట్ పంపేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయండి. మొదటి లోడ్‌లో ప్రామిస్.ఆల్ (ఒక్కటి విఫలమైనా మొత్తం విఫలం) కాక ఆల్‌సెటిల్డ్ (ఒక్కోదాని ఫలితం విడిగా ఇస్తుంది) వాడండి. లేదంటే వాతావరణ సర్వీస్ పడిపోయిన రోజున మ్యాప్ కూడా రాదు. ఊరి పేర్లను కోఆర్డినేట్లుగా మార్చడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి పబ్లిక్ నామినాటిమ్‌ను వాడే ఆలోచన ఉంటే, దాని పరిమితి సెకనుకు ఒక్క రిక్వెస్ట్. ఫలితాలను దాచుకోండి.

ఈవెంట్ల జతలను ఒక జేసన్ ఫైల్‌లో మీ దగ్గరే ఉంచుకోండి, కలిపే పనిని ఆన్‌లైన్ టూల్‌కు అప్పగించకండి. 2007లో మొదలైన యాహూ పైప్స్ అనే అలాంటి టూల్‌నే 2015 సెప్టెంబర్ 30న మూసేశారు. దాని లోపల కట్టుకున్నవన్నీ దానితోపాటే ఆగిపోయాయి.

ప్రశ్న అడిగినవారు

ఫీడ్ వచ్చింది. కంటెంట్-టైప్ హెడరే కారణం. తరుములాట కూడా ఆగింది, మీరన్నట్టే మొదటి అంశం దానంతటదే ఎంపికవుతోంది. ఇక విడ్జెట్ అండీ. పోస్ట్‌మెసేజ్‌తో (పేజీకీ ఐఫ్రేమ్‌కూ మధ్య సందేశాలు పంపే పద్ధతి) స్థలం పంపుతున్నాను, ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి లేదు.

సమాధానం 1

ఐఫ్రేమ్‌లోని స్క్రిప్ట్ వినడం మొదలుపెట్టకముందే మీ సందేశం వెళ్లిపోతోంది. అలా వెళ్లినదాన్ని బ్రౌజర్ దాచిపెట్టదు. విడ్జెట్ 'సిద్ధం' అన్న సందేశం పంపేదాకా ఆగి, ఆ తర్వాత చివరి స్థలాన్ని ఒక్కదాన్నే పంపండి. అలాంటి సందేశమేదో విడ్జెట్ డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది. లేకపోతే లోడ్ ఈవెంట్ తర్వాత పంపి, జవాబు రాకుంటే అర సెకను ఆగి మళ్లీ పంపడమే దారి.

లక్ష్య ఆరిజిన్ (ప్రోటోకాల్, డొమైన్, పోర్ట్ కలిసిన చిరునామా) దగ్గర 'ఎవరికైనా' అనే అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టకుండా విడ్జెట్ ఆరిజిన్ పూర్తిగా రాయండి. వచ్చే సందేశాల ఆరిజిన్‌ను కూడా పూర్తిగా సరిపోల్చండి. 'దీనితో మొదలవుతుందా' అన్న పరీక్ష చాలదు, నమ్మకమైన పేరు ముందుంచి వెనక తమ డొమైన్ తగిలించుకునేవాళ్లు ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

ఐఫ్రేమ్‌కు శాండ్‌బాక్స్ (లోపలి పేజీ హక్కులను తగ్గించే అమరిక) పెట్టి అలో-స్క్రిప్ట్స్ మాత్రమే ఇచ్చాను. ఇప్పుడు ఆరిజిన్ 'నల్' అని వస్తోంది, పోలిక ఎప్పుడూ తప్పుతోంది.

సమాధానం 2

అలో-సేమ్-ఆరిజిన్ ఇవ్వనప్పుడు అలాగే వస్తుంది. విడ్జెట్ మీ డొమైన్ నుంచి కాక వేరే డొమైన్ నుంచి వస్తోంది కాబట్టి దాన్నీ కలపవచ్చు, అప్పుడు అసలు ఆరిజిన్ కనిపిస్తుంది. మీ డొమైన్ నుంచే వచ్చే పేజీకి మాత్రం ఆ రెండూ కలిపి ఇవ్వకండి, లోపలి స్క్రిప్ట్ శాండ్‌బాక్స్‌నే ఊడదీసుకోగలదు. కలపడం ఇష్టం లేకపోతే, ఈవెంట్ సోర్స్ మీ ఐఫ్రేమ్ కంటెంట్‌విండోనే అవునో కాదో చూడండి. పంపేటప్పుడు ఇక్కడ నక్షత్రం గుర్తు తప్పదు, కాబట్టి అందులో స్థలం తప్ప యూజర్ వివరాలేవీ పెట్టకండి.