అప్‌డేట్: ‘ఆర్డర్’కు రష్యన్‌లో ఏ పదం వాడాను

చెన్నైలోని అంబత్తూరులో ఒక పంపుల తయారీ సంస్థ పత్రాలను రష్యన్‌లోకి అనువదిస్తూ, ‘ఆర్డర్’ అనే ఇంగ్లీషు మాటకు అన్నిచోట్లా సరిపోయే పదం ఏదైనా ఉందా అని లోగడ అడిగాను. అలాంటిది లేదని, వాక్యం మొత్తం చూసి నిర్ణయించుకోవాలని మీరు చెప్పిన ప్రకారమే పని పూర్తిచేశాను.

సరుకు కొనుగోలుకు ‘జకాజ్’ అని, వరుసక్రమానికి ‘పర్యాదక్’ అని, పైఅధికారి జారీచేసే ఉత్తర్వుకు ‘ప్రికాజ్’ అని రాశాను. జకాజ్, ప్రికాజ్‌లలో ధాతువు ఒకటే అయినా, మన ఆహార, విహార, ప్రహారాలలో వలెనే, ఉపసర్గ మారగానే అర్థం ఎక్కడికో పోతుంది.

నన్ను ఎక్కువసేపు ఆపినది, చెడిపోయిన పంపుకు తగిలించే పలకపై ఉన్న ‘అవుట్ ఆఫ్ ఆర్డర్’. అక్కడ పర్యాదక్ జోలికి పోకుండా, ‘పనిచేయడం లేదు’ అనే అర్థంలో ‘నె రబోతయెత్’ అని సూటిగా రాయడమే మేలనిపించింది. ‘ఇన్ ఆర్డర్ టు’ వచ్చినచోట మాత్రం ‘ష్తోబి’ అనే చిన్న మాటతో సరిపోయింది.

ఉచ్చారణ దగ్గరగా ఉందని ‘ఓర్దెర్’ వాడవచ్చునని ఒకరు సూచించారు గాని, అది వారంటు, నగదు వోచరు వంటి పత్రాలకు వాడే మాట. దానిలాగే వినిపించే ‘ఓర్దెన్’ అంటే ప్రభుత్వం ఇచ్చే పతకం. కొనుగోలు పత్రానికి ఈ రెండూ పనికిరావు కనుక, ఆ సూచనను పక్కన పెట్టాను. మరమ్మతు విభాగంవారి ‘వర్క్ ఆర్డర్’కు ‘జకాజ్-నర్యాద్’ ఖాయం చేశాను.