మెరీనా బ్యారేజీలో గేట్లు, పంపుల పనితీరును చూడడం ఎలా?

సింగపూర్‌లోని మెరీనా బ్యారేజీని చూడబోతున్నాను. ఇదివరకే చూసినవారు, ముఖ్యంగా నీటిపారుదల లేదా సివిల్ ఇంజనీరింగ్ రంగాలతో పరిచయం ఉన్నవారు, తమ సలహాలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. అక్కడి పచ్చిక పైకప్పు గురించీ, దాని మీద ఎగిరే గాలిపటాల గురించీ కావలసినంత సమాచారం దొరుకుతోంది గానీ, నా ఆసక్తి కట్టడం మీదనే.

2008లో ప్రారంభమైన ఈ బ్యారేజీ మెరీనా ఛానెల్‌కు అడ్డంగా నిలిచి, సముద్రపు ఉప్పునీటిని బయటే ఆపి, నగరం నడిబొడ్డున మంచినీటి జలాశయాన్ని ఏర్పరచింది. భారీ వర్షం పడినప్పుడు సముద్రం ఆటులో ఉంటే తొమ్మిది ఉక్కు గేట్లను కిందికి వాల్చి అదనపు నీటిని వదులుతారనీ, పోటులో ఉంటే గేట్లను మూసే ఉంచి, ఒక్కొక్కటి సెకనుకు 40 ఘనపు మీటర్ల నీటిని తోడగల ఏడు పంపులను నడుపుతారనీ చదివాను. పైకి లేచే గేట్లనే చూసిన నాకు ఈ వాలే గేట్ల అమరిక ఎంతో కుతూహలం కలిగిస్తోంది.

గేట్లు తెరిచే దృశ్యం చూడాలంటే ఈశాన్య రుతుపవనాల వేళ, అంటే డిసెంబరు ప్రాంతంలో, ఆటు సమయం చూసుకుని వెళ్లడం మేలా? వంతెన మీద ఏ వైపు నిలబడితే గేట్ల కదలిక స్పష్టంగా కనిపిస్తుంది? పంపుహౌస్ లోపలి భాగాన్ని సందర్శకులు ఎంతవరకు చూడవచ్చు? అక్కడి ప్రదర్శనశాలలో గేట్ల పనితీరును వివరించే నమూనాలు ఉంటే, వాటికి ఎంత సమయం కేటాయించాలో కూడా దయచేసి తెలుపగలరు.