పాత ట్రావెలర్‌ని క్యారవాన్ చేయిస్తున్నాం, గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టాలి?

గాజువాక_గాలిపటం:
అందరికీ నమస్తే. మా బావా నేనూ కలిసి పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాం, ఆటోనగర్‌లో షెడ్‌కిచ్చి లోపల సీట్లన్నీ పీకించీసి రెండు బెర్తులు, చిన్న వంటగట్టు, సింకు పెట్టిస్తున్నాం. ప్లాన్ ఏటంటే చలికాలం ఫ్యామిలీలతో అరకు, లంబసింగి, వంజంగి తిరగడం, అమ్మావాళ్ళకి బయట తిండి పడదు కాబట్టి వంట బండిలోనే. ఇప్పుడు గొడవంతా గ్యాస్ దగ్గరే. బావేమో ఇంట్లో 14.2 కేజీలది స్పేర్ ఉంది కదా అదే ఎక్కించీద్దాం అంటాడు, కార్పెంటరేమో బెర్త్ కింద ఇన్వర్టర్ బ్యాటరీ గూట్లో పక్కన చోటుంది, పడుకోబెట్టీసి తలుపేసీండి అంటన్నాడు. నాకెందుకో మనసొప్పట్లేదు. ఏ సిలిండర్ తీసుకోవాలి, ఎక్కడ పెట్టాలి, కనెక్షన్ ఎలా ఇవ్వాలి?

సీతమ్మధార_శ్రీను:
బ్రో ముందు ఆ కార్పెంటర్‌ని ఆపండి. సిలిండర్ ఎప్పుడూ నిలబడే ఉండాలి, పడుకోబెడితే వాల్వ్ దగ్గరికి గ్యాస్ బదులు ద్రవం వచ్చీసి రెగ్యులేటర్‌లోకి దూరుద్ది, స్టవ్ దగ్గర మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. బ్యాటరీ పక్కనైతే అసలొద్దు, టెర్మినల్ దగ్గర చిన్న స్పార్క్ చాలు.

సైజంటారా, 5 కేజీలది చాలు. ఛోటూ అని అమ్ముతారు చూడండి, పెట్రోల్ బంకుల్లో కూడా దొరుకుద్ది, అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఐడీ కార్డ్ చూపిస్తే ఇచ్చేస్తారు. మామూలు బర్నర్ ఫుల్‌లో పెడితే గంటకి ఇంచుమించు 150 గ్రాములు తాగుతుంది, అంటే 5 కేజీలకి 30 గంటలు పైనే, టీలూ ఉప్మాలూ అన్నం కూరా ఎన్ని చేసుకుంటారు చెప్పండి. కాంపోజిట్ సిలిండర్ (ఇనుము బదులు ఫైబర్‌తో చేసేది) దొరికితే ఇంకా మంచిది, బరువు తక్కువ, లోపల ఎంతుందో బయటికి కనబడుద్ది, మన సముద్రపు గాలికి తుప్పు పట్టదు. ఏదైనా సందుల్లో చిన్న సిలిండర్లలోకి గ్యాస్ ఎక్కించి ఇచ్చేవాళ్ళ దగ్గరికి మాత్రం పోకండి, అది చట్టరీత్యా తప్పు, పైగా ఆ సిలిండర్‌కి టెస్టింగ్ ఎప్పుడు జరిగిందో దేవుడికే తెలియాలి.

మల్కాపురం_మాస్టారు:
బాబూ, నేను ఫిట్టర్‌గా రిటైరయ్యాను, ఈ గ్యాస్‌తోనే బతికాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు. ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా నేలమీద పాకి పల్లంలో చేరి కూర్చుంటుంది. 1997 సెప్టెంబర్ 14 పొద్దున్న మన విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో జరిగిందీ అదే కదా, లీకైన గ్యాస్ పరుచుకుని పరుచుకుని ఎక్కడో నిప్పు దొరికాక అంటుకుంది, యాభై మందికి పైగా పోయారు. అది వేరే లెక్క, కానీ గ్యాస్ గుణం మారదు. నీ బండి ఫ్లోరు కూడా నాలుగు వైపులా మూసిన తొట్టే.

అందుకని సిలిండర్‌కి విడిగా రేకు పెట్టె కట్టించు. తలుపు బండి బయటి వైపుకే ఉండాలి, లోపలి వైపు ఎక్కడా సందు లేకుండా సీల్ చేయించు. పెట్టె అడుగున ఫ్లోర్‌కి రంధ్రం పెట్టి జాలీ వేయించు, గ్యాస్ లీకైనా కింద రోడ్డుమీదకి పోతుంది. సైలెన్సర్ పైపు ఆ రంధ్రం దరిదాపుల్లో ఉండకూడదు, ఇది చాలామంది చూసుకోరు. సిలిండర్‌కి కిందా పైనా బెల్టు, ఘాట్‌లో ఆ వంపులకి కదలకూడదు.

ఇక పైపు. ఆరెంజ్ కలర్ సురక్షా పైపు, ఐఎస్ఐ మార్కుది, మీటరున్నరకి మించకుండా, దానిమీద తేదీ వేసుంటుంది, 5 ఏళ్ళు దాటితే పారెయ్యి. పెట్టెలోంచి లోపలికొచ్చే చోట రేకు అంచుకి రాసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (కన్నం అంచుకి తొడిగే రింగు) వెయ్యాలి, బండి అదురుకి రాసుకుని రాసుకుని తెగేది అక్కడే. రెగ్యులేటర్ ఇంట్లో వాడే రకమే. టిఫిన్ బళ్ళవాళ్ళు భట్టీకి వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ చవగ్గా దొరుకుతోంది కదా అని తేవద్దు. బిగించాక సబ్బు నురగ రాసి ప్రతి జాయింటూ చూడు, అగ్గిపుల్లతో చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు మన దగ్గర.

లీడ్స్_లో_వైజాగోడు:
మాస్టారు చెప్పిందే ఇక్కడ ఇంగ్లండ్‌లో రూల్. మాది చిన్న టూరింగ్ క్యారవాన్, సిలిండర్ లాకర్‌కి కింద మాత్రమే వెంట్ ఉంటే తక్కువలో తక్కువ 100 చదరపు సెంటీమీటర్లు ఉండాలి, అంటే పది బై పది సెంటీమీటర్ల కన్నం అనుకోండి, లాకర్ పెద్దదైతే ఇంకా ఎక్కువ. ఇక్కడ బ్యూటేన్ వేరు ప్రొపేన్ వేరు అమ్ముతారు, చలికాలం ప్రొపేనే వాడాలి ఎందుకంటే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర గ్యాస్‌గా మారడం మానేస్తుంది. మన దగ్గర రెండూ కలిపిన మిక్స్ కాబట్టి లంబసింగిలో కూడా వెలుగుతుంది, కాకపోతే సిలిండర్ అడుగంటే టైంకి మంట నీరసంగా రావచ్చు, అప్పుడు సిలిండర్‌కి వేడినీళ్ళ గుడ్డలు చుట్టడాలవీ చెయ్యకండి.

ఎన్ఏడీ_నాని:
ఇంత టెన్షనెందుకు గురూ, ఇండక్షన్ పెట్టీస్కోండి.

సీతమ్మధార_శ్రీను:
నానీ, 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేస్తే 1.2 యూనిట్ల చిల్లర, 2000 వాట్ల ఇండక్షన్ దాన్ని 40 నిమిషాల్లోపే ఊడ్చేస్తుంది. నలుగురికి పూటకి వంట అవ్వాలంటే ఎన్ని బ్యాటరీలు మోస్తావ్.

గాజువాక_గాలిపటం:
మాస్టారూ చాలా థ్యాంక్సండి, బావకి మీ పోస్టు చదివి వినిపించాను, సైలెంటైపోయాడు. పెట్టె వెనక డోరు పక్కన బయటికి తెరుచుకునేలా కట్టిస్తున్నాం, సైలెన్సర్ అవతలి వైపుంది. ఇంకొక్కటి, గ్యాస్ అలారం ఆన్‌లైన్లో చూశాను, అది స్టవ్ పైన గోడకి కొట్టాలా?

మల్కాపురం_మాస్టారు:
పైన కాదు బాబూ, ఫ్లోరుకి జానెడు ఎత్తులో పెట్టు, గ్యాస్ ముందు వచ్చేది అక్కడికే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంకొకటి వేరే కొను, స్టవ్ మంట నుంచి వచ్చే ఆ విషవాయువుకి వాసన ఉండదు, ఆ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో బిగించు. చలేస్తోందని అద్దాలన్నీ మూసి స్టవ్ వెలిగించుకుని కూర్చోవద్దని మీ ఆడవాళ్ళకీ పిల్లలకీ కూడా చెప్పు. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆఫ్. వాసనొస్తే స్విచ్‌లు ముట్టకుండా అందర్నీ దింపి 1906కి ఫోన్ చెయ్యి, ఫోన్ కూడా బండికి దూరంగా వెళ్ళాకే. ఆర్సీలో మార్పు రాయించుకున్నారా లేదా, అది అవకుండా రోడ్డెక్కకండి.