అప్‌డేట్: టీమ్ లీడ్‌గా మైండ్‌ఫుల్‌నెస్ గురించి అడిగింది నేనే

లీడ్ అయ్యాక కాల్ మీద కాల్, ఎవరేం చెప్పినా సగమే బుర్రకెక్కుతోంది, మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు జరుగుతున్నదాని మీదే ధ్యాస నిలిపే ధ్యానం, పనికొస్తుందా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. కొందరు హైదరాబాద్‌లోనే ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్లమన్నారు, కానీ పది రోజులు ఫోన్ లేకుండా మౌనంగా ఉండాలి, రిలీజ్ ముందు అంత సెలవు దొరకదు. అందుకే 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో రోగుల కోసం మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతి పట్టుకున్నాను.

అందులో నాకు బాగా పనికొచ్చింది బాడీ స్కాన్, అంటే కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం మీదే ధ్యాస పెట్టడం. దానివల్ల టెన్షన్ ముందు దవడలో మొదలవుతుందని తెలిసింది. ఇప్పుడు క్లయింట్ నుంచి ఘాటు మెయిల్ వస్తే దవడ బిగుసుకోవడం గమనించి, ఊపిరి వదిలి, పాదాలు నేలమీద ఆనించి, ఆ తర్వాతే జవాబు టైప్ చేస్తున్నాను. టీమ్‌లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే వన్-ఆన్-వన్‌లో ల్యాప్‌టాప్ మూసేస్తున్నాను. మొన్న టెస్టింగ్ చేసే అమ్మాయి "అన్నా, ఈ డేట్‌కి అవ్వదు" అని ముందే చెప్పింది, ఆ మాట నాకెంత విలువైనదో!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. టీమ్‌తో బలవంతంగా ధ్యానం చేయించకండి. రాత్రి డ్యూటీలు ఎక్కువైతే శ్వాస మీద ధ్యాస పెట్టమనడం అన్యాయం, టీమ్‌లో మనుషుల సంఖ్య పెంచాలి. మా మేనేజర్‌ని కూడా అదే అడిగాను, వచ్చే నెల నుంచి ఇంకొకరిని ఇస్తామన్నారు.